న్యూస్‌రూమ్‌లో మనం ఎందరం? మీడియా పీహెచ్‌డీకి వెళ్లేవారు తెలుసుకోవాల్సినవి

1996లో పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్ ఢిల్లీలో ఒక్క దళిత జర్నలిస్టు కోసం వెతికారు. దొరకలేదు. 2006లో అనిల్ చమడియా, జితేంద్ర కుమార్, యోగేంద్ర యాదవ్ ఢిల్లీలోని 37 హిందీ, ఇంగ్లిష్ మీడియా సంస్థల్లో నిర్ణయాలు తీసుకునే 315 మంది సామాజిక నేపథ్యం లెక్కగట్టారు. అందులో ఎస్సీ, ఎస్టీ ఒక్కరూ లేరు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ అధ్యయనం 121 న్యూస్‌రూమ్ నాయకత్వ స్థానాలను చూస్తే 106 అగ్రకులాల చేతుల్లో ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీలకు సున్నా.

మనవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్న మాటే ఇది. లెక్క చూపించాక మాత్రం కొట్టిపారేయడం కష్టమైంది. ఆ లెక్క ఎలా వేయాలో నేర్పేదే పరిశోధన శిక్షణ. అందుకే మన పిల్లలు ఆ తరగతి గదుల్లోకి వెళ్లాలని మేం కోరుకుంటున్నాం.

ప్రవేశం

పీజీలో 55 శాతం మార్కులుండాలి. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ విద్యార్థులకు 5 శాతం సడలింపు ఉంది. యూజీసీ నెట్‌లో మన సబ్జెక్టు పేరు 'మాస్ కమ్యూనికేషన్ అండ్ జర్నలిజం'. జేఆర్‌ఎఫ్ రాకపోయినా నెట్ స్కోరుతో పీహెచ్‌డీకి దరఖాస్తు చేయవచ్చు. అప్పుడు నెట్‌కు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది.

కోర్సు వర్క్

కనీసం 12 క్రెడిట్లు. పరిశోధన పద్ధతులు, పరిశోధన నీతి ఇక్కడే నేర్పుతారు. దళితులపై దాడుల వార్తలను తెలుగు దినపత్రికలు ఎలా రాస్తున్నాయన్నది మీ అంశం అనుకుందాం. ఏ పత్రికలు, ఏ తేదీలు, ఏ ఎడిషన్ అన్నది ముందే తేల్చుకోవాలి. వార్త ఏ పేజీలో వచ్చింది, పోలీసుల మాట ఎంత, బాధితుల మాట ఎంత అని పట్టిక వేయాలి. అవే వార్తలను ఇంకొకరు విడిగా వర్గీకరించినా దాదాపు అదే ఫలితం రావాలి. బైలైన్‌లో పేరు చూసి కులం ఊహిస్తే అది రుజువు కాదు. అడగాలి, వాళ్లు ఒప్పుకుంటేనే నమోదు చేయాలి. ఉద్యోగం పోతుందని భయపడే విలేకరి పేరు థీసిస్‌లో బయటపడకూడదు.

గైడ్, గడువు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు వస్తాయి. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనం. ప్రతి సెమిస్టర్‌లో పరిశోధన సలహా కమిటీ ముందు మీ పని వివరించాలి. పని బాగాలేదంటే కమిటీ కారణాలు నమోదు చేయాలి, సరిదిద్దుకునే మార్గం చెప్పాలి. నోటిమాటతో రిజిస్ట్రేషన్ రద్దు చేయడం కుదరదు. అందుకే ప్రతి సమావేశం తర్వాత ఏం చెప్పారో గైడ్‌కు మెయిల్ పెట్టి, కాపీ దాచుకోండి.

ఫెలోషిప్

ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ కింద ఏటా 2,000 మందికి అవకాశం ఉంది. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు రూ.37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ రూ.42,000. మంజూరైనా నెలల తరబడి చేతికి రాకపోవడం మనకు కొత్త కాదు. 2016 జనవరి 17న చనిపోయిన రోహిత్ వేముల, తనకు ఏడు నెలల ఫెలోషిప్ రావాల్సి ఉందని చివరి లేఖలో రాశాడు. ఆలస్యమైతే ఒంటరిగా తిరగొద్దు. రాతపూర్వకంగా అడగండి, ఎస్సీ, ఎస్టీ సెల్‌లో నమోదు చేయించండి, విద్యార్థి సంఘాన్ని వెంట తీసుకెళ్లండి.

1920లో 'మూక్‌నాయక్' పత్రిక పెట్టిన అంబేద్కర్, అదే ఏడాది చదువు పూర్తి చేయడానికి మళ్లీ లండన్ వెళ్లారు. పత్రిక, పరిశోధన రెండూ మనకు కావాలి.