స్వప్నాదేశము

జంషెడ్‌పూర్‌ను గూర్చి వ్రాయువారు దానిని ఒక మహనీయుని కల యనుట పరిపాటి. 1902లో జంషెట్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి వ్రాసిన లేఖలో, ఇంకను పుట్టని ఆ నగరమునకు విశాలమైన వీథులు, నీడనిచ్చు చెట్లు, తోటలు, క్రీడాస్థలములు, వివిధ మతములవారికి ఆరాధనస్థలములు ఉండవలెనని కోరినాడు. 1904లో ఆయన గతించినాడు. 1907లో ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1912లో సాక్చి కర్మాగారమున తొలి ఉక్కు దిమ్మె వెలువడినది. 1919లో ఆ ఊరికి ఆయన పేరు వచ్చినది. కల కన్నవాడు దాని పంటను కన్నులార చూడలేదు.

సువర్ణరేఖా ఖర్కాయీ నదులు కలియుచోట వెలసిన ఆ నగరమునకు తెలుగువారు పనికై తరలిపోయి స్థిరపడినారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామమందిరము వారి ఉనికికి గుర్తు. వారు వెంట గొనిపోయిన భాషలో కలకును కావ్యమునకును గల చుట్టరికము మిక్కిలి పాతది.

పదుమూడవ శతాబ్దమున తిక్కన నిర్వచనోత్తర రామాయణమును మనుమసిద్ధి మహారాజునకు అంకితమిచ్చినాడు. కాని భారతరచనకు పూనుకొన్నప్పుడు ఆయన నరాంకితమును కోరలేదు. కలలో తండ్రి కొమ్మన కనిపించి హరిహరనాథుని అభిమతమును తెలిపినాడనియు, పిదప ఆ దేవుడే సాక్షాత్కరించినాడనియు విరాటపర్వావతారికలో చెప్పుకొన్నాడు. రాజాస్థానమున నున్న కవి తన మహాకృతిని రాజునకు గాక దేవునకు సమర్పించుటకు ఆ కల అనుజ్ఞయైనది.

శ్రీకృష్ణదేవరాయల కల వేరొక తీరుది. కళింగయాత్రలో విజయవాడ మీదుగా కృష్ణాతీరమందలి శ్రీకాకుళమునకు వచ్చి, ఏకాదశినాడు ఉపవసించి, రాత్రి నాలుగవ జామున ఆయన ఆంధ్రవిష్ణువును దర్శించినాడు. సంస్కృతమున ఇన్ని కృతులు చెప్పితివి, తెలుగున ఒకటి చెప్పరాదా యన్నది స్వామి ప్రశ్న. ఏలికకు వేరొక ఏలిక అనుమతి అక్కరలేదు. అతనికి కావలసినది భాషను గూర్చిన నిశ్చయము. ఆముక్తమాల్యద ఆ నిశ్చయఫలము. తమిళదేశపు గోదాదేవి కథ, కృష్ణాతీరదేవుని ఆజ్ఞ, తిరుమలేశునకు అంకితము: ఒక్క కలలో దక్షిణదేశమంతయు ఇమిడినది.

ఇవి యన్నియు అవతారికాసంప్రదాయమే యని తీసివేయువారు కలరు. సంప్రదాయము లేదని యెవ్వరనగలరు? అయినను పోతన సంగతి ఆలోచింపదగినది. గ్రహణపర్వమున నదీస్నానము చేసి, ఇసుకతిన్నెపై ధ్యానమున అరమోడ్పుకన్నులతో నున్నప్పుడు తనకు రామభద్రుడు కానవచ్చెనని ఆయన వ్రాసినాడు. అది నిద్ర కాదు, కల కాదు. కేవలము ఆచారమునకే వ్రాయువానికి ఈ భేదము పాటింప నవసరమేమి?

ఇంగ్లీషు కవి కోల్‌రిడ్జ్ 1816లో ప్రకటించిన ‘కుబ్లాఖాన్’ నిద్రలో పంక్తులు పంక్తులుగా వచ్చినదనియు, మేల్కొని వ్రాయుచుండగా ఎవరో వచ్చి పిలువగా తక్కినది చెదరిపోయినదనియు చెప్పినాడు. మన కవులకు కలలో పద్యములు దొరకలేదు, పని దొరికినది. తిక్కన మేల్కొన్నపిదప పదునైదు పర్వములు వ్రాయవలసివచ్చినది.

పీడకలలు మన ప్రాచీనులకు తెలియనివి కావు. కేకయరాజ్యమున భరతుని దుస్స్వప్నము, లంకలో రావణుని పతనమును సూచించిన త్రిజట కల రామాయణమున నున్నవి. కాని అవి కథలోనివి. అవతారికలలో మాత్రము శుభస్వప్నములే. మేరీ షెల్లీ తన ‘ఫ్రాంకెన్‌స్టైన్’కు మూలము ఒక భయంకరదృశ్యమని 1831లో చెప్పుకొన్నట్లు చెప్పుకొన్నవారు మనలో లేరు. ఆ భయమునకు మన భాషలో కావ్యగౌరవము కలుగుటకు ఇరువదవ శతాబ్దము రావలసివచ్చినది. పీడకలవంటి భావచిత్రములతో కవిత చెప్పిన అజంతా తన సంపుటికి ‘స్వప్నలిపి’ యని పేరిడినాడు. దానికి 1997లో సాహిత్య అకాడెమీ పురస్కారము లభించినది.

జంషెడ్‌పూర్ చరిత్రకు అవతారిక వ్రాసినవారు జంషెట్జీ లేఖతో ఆరంభించుట న్యాయమే. కాని కొలుముల వేడిలో పనిచేసి, వేళగాని వేళ పగటియందు నిద్రించిన కార్మికులకును కలలుండును. వానిలో విడిచివచ్చిన ఊరుండును, వెంటాడు నిప్పు ఉండును. అవి ఏ అవతారికకును ఎక్కలేదు. తిక్కనకు తండ్రి కలలోనికి వచ్చి చెప్పవలసినది చెప్పినాడు. తండ్రులు తాతలు ఆ ఊరికి పోయి పనిచేసిన తెలుగు రచయితలకు ఆ మాట వినబడుచునే యుండవలెను. విన్నపిదప మేల్కొని వ్రాయుట వారి వంతు.