ఒక కార్యాలయం, రెండు చట్టాలు



సంతలో చింతపండు అమ్మేవాడు ఒక్కడే ఉంటే వాడు చెప్పిందే ధర. పక్కన ఇంకొకడు బుట్ట దించితే ధర దానంతట అదే దిగివస్తుంది. మన సరిహద్దు ఊళ్ళలో చదువుకోనివారికి కూడా తెలిసిన సంగతి ఇది. అయితే చుట్టూ సముద్రమున్న చిన్న దీవిలో ఆ రెండో బుట్ట రావడం అంత సులభం కాదు. అందుకే అక్కడ వ్యాపారాన్ని కనిపెట్టి ఉండే నియంత్రణ సంస్థ అవసరమవుతుంది. అలాంటి సంస్థను రెండు దీవులు కలిసి నడుపుకుని, పదేళ్ళకు విడదీసుకున్న చరిత్రను ఈనాడు చెప్పుకుందాం.

ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ నడుమ, ఫ్రాన్సు తీరానికి దగ్గరగా చానల్ దీవులున్నాయి. వాటిలో పెద్దవి జెర్సీ, గెర్న్‌సీ. ఒకప్పుడు ఇవి నార్మండీ ప్రభువుల ఏలుబడిలోనివి. 1204లో ఇంగ్లండు రాజు జాన్ నార్మండీని పోగొట్టుకున్నా, ఈ దీవులు మాత్రం ఆయన చేతిలోనే మిగిలాయి. నేటికీ ఇవి బ్రిటిష్ రాజు కింద ఉన్నాయే తప్ప యునైటెడ్ కింగ్‌డంలో భాగం కావు. పోనీ రెండూ ఒకటేనా అంటే అదీ లేదు. శాసనసభలు వేరు, చట్టాలు వేరు, పన్నులు వేరు. 17వ శతాబ్దపు అంతర్యుద్ధంలో జెర్సీ రాజు పక్షం వహిస్తే, గెర్న్‌సీ పార్లమెంటు పక్షం వహించింది. రెంటికీ మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లే. ఇరుగుపొరుగుకు ఉండే పంతాలన్నీ వారికీ ఉన్నాయి.

జెర్సీ జనాభా లక్షకు కొంచెం పైన. గెర్న్‌సీ జనాభా 60 వేల పైచిలుకు. మన వైపు ఒక మోస్తరు పట్టణమంత. అయినా 2001లో ఎవరి నియంత్రణ సంస్థను వారు పెట్టుకున్నారు. టెలిఫోను, తపాలా వంటి సేవల్లో ఒకరి పెత్తనమే సాగకుండా చూడటం వాటి పని. పోటీ వస్తే ఏమవుతుందో చెప్పడానికి మనకు తెలిసిన పేరే ఒకటుంది. 2007లో మన భారతి సంస్థ జెర్సీలో ఎయిర్‌టెల్ ఫోను సేవ ప్రారంభించి, మరుసటి ఏడు గెర్న్‌సీకీ వెళ్ళింది. సంతలో ఇంకొక బుట్ట దిగిందన్నమాట.

ఇంత కొద్ది జనాభాకు రెండు కార్యాలయాలు, ఇద్దరు ముఖ్య అధికారులు, రెండు జట్ల నిపుణులు దేనికన్న ఆలోచన రావడం సహజం. 2010లో రెండు సంస్థలూ ఒక ఉమ్మడి పేరు కింద, ఉమ్మడి యాజమాన్యంతో పనిచేయడం మొదలుపెట్టాయి. అయితే ఇక్కడొక మెలిక ఉంది. బోర్డు మీద పేరు ఒకటే గాని, చట్టరీత్యా సంస్థలు రెండే. జెర్సీ పోటీ చట్టం 2005 నాటిది. గెర్న్‌సీలో అలాంటి చట్టం 2012లో గాని అమలులోకి రాలేదు. గెర్న్‌సీలో విద్యుత్తు కూడా ఈ సంస్థ పరిధిలో ఉండేది. జెర్సీలో 2015 నుంచి రేవులు, విమానాశ్రయం వచ్చి చేరాయి. అధికారి ఒకరే అయినా, ఒక దీవి విషయానికి ఒక చట్టం, ఇంకో దీవి విషయానికి ఇంకో చట్టం తీసి చూడవలసిందే. చివరకు 2020లో రెండూ విడిపోయాయి.

విడిపోవడం మంచిదా, చెడ్డదా? ఖర్చు లెక్క చూస్తే కలిసి ఉండటమే మేలనిపిస్తుంది. ఆ ఖర్చు చివరకు పడేది ప్రజల మీదే కదా. కాని జవాబుదారీ లెక్క కూడా ఒకటుంది. ఫోను బిల్లు ఎక్కువైందని గెర్న్‌సీ మనిషి అడిగితే, ఆయన దీవి అవసరాలనే ముందు పెట్టుకునే వారు జవాబు చెప్పాలి. ఇద్దరు యజమానులకు ఒకే నౌకరుంటే ఎవరి పని ముందన్న పేచీ తప్పదు.

మన దగ్గర దీనికి తిరగేసిన ఉదాహరణ ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో విద్యుత్ నియంత్రణ మండలి ఏర్పడింది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు, ఆ మండలి ఆరు నెలలకు మించకుండా ఉమ్మడిగా పనిచేయాలని, ఈలోగా ఎవరి మండలి వారు పెట్టుకోవాలని విభజన చట్టమే చెప్పింది. అక్కడ మండళ్ళు రెండయినా, వాటి మీద 2003 నాటి కేంద్ర విద్యుత్ చట్టం ఒకటే ఉంది. చానల్ దీవుల్లో కార్యాలయం ఒకటై, చట్టాలు రెండయ్యాయి. పునాదులు వేరుగా ఉంచి పైకప్పు ఒకటే వేస్తే, ఆ కప్పును ఎప్పుడైనా తీసివేయవచ్చు.

సరిహద్దులో బ్రతికే మనకు ఈ కథ పరాయిది కాదు. ఇంటి భాష ఒకటి, కచేరీ భాష ఇంకొకటి. చుట్టరికాలు ఒక రాష్ట్రంలో, రేషన్ కార్డు మరో రాష్ట్రంలో. కార్యాలయాలు కలిసినా విడిపోయినా, ఇవతలి అధికారి అవతలి అధికారికి ఉత్తరం రాస్తే జవాబు వస్తుందా అన్నదే మన పని జరగడాన్ని తేలుస్తుంది. గోడ కట్టుకోవడం తప్పు కాదు. గోడలో ఒక వాకిలి ఉంచుకోవడం మాత్రం మరువకూడదు.