కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ

అమెరికాలో సెకండ్ హ్యాండ్ విమానాల ప్రకటనలు చూస్తే ఒక వింత కనిపిస్తుంది. 1970లలో తయారైన సెస్నా 421, సెస్నా 340, బీచ్‌క్రాఫ్ట్ డ్యూక్ లాంటివి ఉంటాయి చూశారూ, రెండు ఇంజన్లు, ఆరు నుంచి ఎనిమిది సీట్లు, పైగా ప్రెషరైజ్డ్ క్యాబిన్. అయినా చాలావాటి ధర కొత్త ఒంటి ఇంజను విమానం కన్నా తక్కువే. అక్కడే ఉద్యోగం చేసుకుంటూ పైలట్ లైసెన్సు సంపాదించిన మా మిత్రుడొకడు వీటి మీద మనసు పడ్డాడు. "సగం ధరకి రెట్టింపు విమానం కదరా!" అని వాడి లెక్క. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఈ విమానాల చరిత్రలోకి వెళ్ళాలి.

ముందు ఈ ప్రెషరైజేషన్ సంగతి. 20,000 అడుగుల ఎత్తంటే లడఖ్‌లోని ఖర్దుంగ్ లా కన్నా పైన. ఆక్సిజన్ మాస్కు లేకుండా అక్కడ ఎక్కువసేపు స్పృహలో ఉండటం కష్టం. కానీ వర్షాన్నీ కుదుపుల్నీ చాలావరకు కిందే వదిలేయాలంటే అంత ఎత్తుకి పోవాల్సిందే. అందుకని ఇంజను పొగతో తిరిగే టర్బోచార్జర్ బయటి పల్చటి గాలిని నొక్కి సిలిండర్లకి ఇస్తుంటే, అందులోంచే కొంత గాలి తీసి చల్లబరిచి క్యాబిన్‌లోకి పంపుతారు. లోపలి గాలి ఎంత బయటికి పోవాలో ఒక వాల్వు చూసుకుంటుంది. సెస్నా 340 బయట 20,000 అడుగుల్లో ఎగురుతున్నా లోపల 8,000 అడుగుల్లో ఉన్నట్టే ఉంటుంది. అంటే ఊటీ కన్నా కాస్త ఎత్తు, అంతే. పిల్లలు హాయిగా నిద్రపోవచ్చు.

1950ల చివర్లో ఏరో కమాండర్ కంపెనీ ఇలాంటిది ఒకటి చేసింది గానీ, డజనుకు కాస్త అటూ ఇటూగా తయారుచేసి ఆపేసింది. అసలు ఊపు 1960ల రెండో సగంలో వచ్చింది. డ్యూక్ 1966 డిసెంబరులో మొదటిసారి ఎగిరింది. మరుసటి ఏడాది సెస్నా 421 వచ్చింది. 1970లో పైపర్ వాళ్ళ ప్రెషరైజ్డ్ నవాహో, ఆ వెంటనే సెస్నా 340. కొన్నవాళ్ళలో చాలామంది వ్యాపారస్తులు. 421 ఇంజను ఒక్కోటి 375 హార్స్‌పవర్. దానికి గేర్లు కూడా ఉంటాయి: ఇంజను మూడు చుట్లు తిరిగితే ప్రొపెల్లరు రెండు చుట్లే తిరుగుతుంది. అందుకే లోపల చప్పుడు తక్కువ. అందుకే రిపేరు ఎక్కువ కూడానూ.

1978లో అమెరికా కంపెనీలు 17,811 చిన్న విమానాలు అమ్మాయి. 1994 వచ్చేసరికి ఆ సంఖ్య 928! మధ్యలో ఏం జరిగింది? 1980ల మొదట్లో వడ్డీ రేట్లు 20 శాతం దాటాయి. పెట్రోలు ధర పెరిగింది. ఎప్పుడో అమ్మిన విమానం కూలినా తయారీదారు మీద దావాలు పడుతుంటే కంపెనీల ఇన్సూరెన్సు ఖర్చు మండిపోయింది. డబ్బున్న కొనుగోలుదారులు టర్బోప్రాప్‌ల వైపు వెళ్ళారు. విచిత్రమేమిటంటే ఆ టర్బోప్రాప్‌లు కొన్ని వీటి పిల్లలే: ప్రెషరైజ్డ్ నవాహో నుంచి షయాన్, 421 నుంచి సెస్నా 425. డ్యూక్ 1983లో, 340 ఆ తర్వాతి ఏడాది, 421 1985లో ఆగిపోయాయి. పైపర్ 1991లో దివాలా పిటిషన్ వేసింది. 18 ఏళ్ళు దాటిన విమానాల మీద తయారీదారుకి బాధ్యత లేదని 1994లో చట్టం వచ్చాక సెస్నా మళ్ళీ పిస్టన్ విమానాలు మొదలెట్టింది, కానీ ఒంటి ఇంజనువి మాత్రమే. మన కథలోని విమానాలు మళ్ళీ రాలేదు.

అంటే వాడు కొనాలనుకుంటున్నది నలభై ఏళ్ళు దాటిన, తయారీ ఆగిపోయిన సిస్టమ్. మన భాషలో చెప్పాలంటే లెగసీ కోడ్. రాసినవాళ్ళు వెళ్ళిపోయారు, ప్రొడక్షన్‌లో మాత్రం నడుస్తోంది. విమానం ధర వయసుతో పడిపోతుంది, మెయింటెనెన్స్ ఖర్చుకి ఆ సంగతి తెలియదు. ఇంజన్లు రెండు, టర్బోలు రెండు, ప్రొపెల్లర్లు రెండు. 421 అయితే గంటకి సుమారు 40 గేలన్ల పెట్రోలు, అదీ సీసం కలిపిన 100 ఆక్టేన్ రకం. 2030 చివరికల్లా సీసం తీసేయాలని అక్కడి ఎఫ్.ఏ.ఏ. 2022లో లక్ష్యం పెట్టుకుంది. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ అంటారు. కాకపోతే ఇక్కడ కొసరు మనకి రాదు, మనమే ఇచ్చుకోవాలి.

డబ్బు సంగతి పక్కన పెట్టండి. టర్బో ఉన్న సెస్నా ట్విన్లలో ఎగ్జాస్టు గొట్టం పగిలితే ఆ వేడి వాయువు దగ్గర్లోని ఫ్యూయెల్ లైన్ల మీద పడుతుంది, గాల్లోనే మంటలు రావచ్చు. అందుకే ఎఫ్.ఏ.ఏ. 2000లో ఆ గొట్టాల తనిఖీ తప్పనిసరి చేసింది. ఇలాంటి ఆదేశాలన్నీ పాటించారో లేదో లాగ్‌బుక్కుల్లో కాగితం కాగితం తిప్పి చూడాలి. స్థలం కొనేముందు ఈసీ తీయించినట్టు, ఓక్లహోమా సిటీలోని రిజిస్ట్రీలో యాజమాన్యం, అప్పులు చూడాలి. అమ్మేవాడి మెకానిక్ కాకుండా, ఆ మోడల్ తెలిసిన వేరే మెకానిక్‌తో విప్పించి చూపించుకోవాలి. ఏళ్ళ తరబడి హ్యాంగర్లో ఊరికే పడి ఉన్న విమానమైతే మరీ జాగ్రత్త. తక్కువ గంటలు తిరిగిందంటే కొత్తదని కాదు, తుప్పు పట్టే తీరిక దొరికిందని.

"రెండు ఇంజన్లుంటే సేఫ్ కదా" అన్నాడు వాడు. టేకాఫ్ అయిన వెంటనే ఒకటి ఆగిపోతే విమానం ఆ పక్కకి తిరిగిపోతుంది. కొద్ది సెకన్లలో సరైన రడ్డర్ తొక్కి, ఆగిన ప్రొపెల్లరుని గాలికి అడ్డం లేకుండా తిప్పకపోతే రెండో ఇంజనే విమానాన్ని బోర్లా పడేస్తుంది. ఏటా ప్రాక్టీసు చేసేవాడికి రెండో ఇంజను ఇన్సూరెన్సు. నెలకోసారి సరదాగా ఎగిరేవాడికి అదే ప్రమాదం. వెనక సీట్లో పిల్లలుంటారు మరి.

ఈ చివరి మాటకి వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, మొదటి ఏడాది ఖర్చు విమానం ధరలో మూడో వంతు వేసుకుని, ఏటా ట్రైనింగు కూడా కలిపి కొత్త ఎక్సెల్ షీటు పంపాడు. అప్పటికీ వీలవుతుందంటే కొనుక్కోమన్నాను.

ఇంకా కొనలేదు. ప్రకటనలు చూడటం మాత్రం మానలేదు.