జలుబుతో వచ్చే తలనొప్పి – ఉపశమన చరిత్ర

నూజివీడు ప్రాంతంలో మామిడితోటలు పూతపట్టే చలికాలంలోనే ఇంటింటా జలుబులు కూడ ఎక్కువ. జలుబు వచ్చిన ఒకటి రెండు రోజులకు నుదురు బరువెక్కుతుంది. వంగితే తల పోటు పెడుతుంది. "జలుబు తలకెక్కింది" అంటారు పెద్దలు. నుదుటికి శొంఠిపట్టు వేయటం, వావిలాకు వేసి కాచిన నీటి ఆవిరి పట్టటం మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్నవే. ఈ బాధకు ఉపశమనం వెదకిన చరిత్రలో తెలుగువారికి కూడ ఒక అధ్యాయం ఉన్నది.

ముందుగా నొప్పికి కారణం తెలుసుకొందాం. ముక్కు చుట్టూ ఉన్న ఎముకలలో నాలుగు జతల గాలిగదులు ఉన్నవి. వీటినే సైనసులు అంటారు. ఇవి సన్నని ద్వారాల గుండా ముక్కులోనికి తెరచుకొంటాయి. జలుబు వైరసుల వల్ల ముక్కు లోపలి పొర వాచినపుడు ఆ ద్వారాలు ఇరుకై, గదులలో ఒత్తిడి మారుతుంది. అదిగాక, వైరసుతో పోరాడే దేహం ప్రోస్టాగ్లాండినులు అనే పదార్థాలను తయారుచేస్తుంది. ఇవి నొప్పిని తెలిపే నాడులను మరింత సున్నితం చేస్తాయి. తల బరువెక్కటానికి ముఖ్యకారణాలు ఇవే.

1763లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు విల్లో చెట్టు బెరడు పొడి జ్వరాన్ని తగ్గిస్తుందని ప్రకటించాడు. ఆ బెరడులోని పదార్థానికి దగ్గరి బంధువైన ఆస్పిరినును 1897లో జర్మనీలోని బేయర్ సంస్థలో శుద్ధరూపంలో తయారుచేశారు. అది ప్రోస్టాగ్లాండినుల ఉత్పత్తిని ఆపి నొప్పిని తగ్గిస్తుందని జాన్ వేన్ నిరూపించినది 1971లో మాత్రమే. మందు ముందు వచ్చినది. కారణం తరువాత తెలిసినది.

1893వ సంవత్సరం ఈ చరిత్రలో గుర్తుంచుకోదగినది. ఆ యేడు జర్మనీలో ఫాన్ మేరింగ్ పారాసెటమాల్‌ను రోగులపై పరీక్షించిన ఫలితాలు ప్రకటించాడు. అయినా అది వాడుకలోకి రావటానికి 1950 దశకం దాకా ఆగవలసి వచ్చినది. అదే యేడు బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనం తయారీ ప్రారంభించారు. ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో జన్మించారు. నూజివీడు కూడ 2022లో ఏలూరు జిల్లాలో చేరే వరకు ఆ జిల్లాలోనిదే. ఆ లేపనంపై వచ్చిన ఆదాయమే 1908లో ఆంధ్రపత్రికకు, 1924లో భారతికి అండగా నిలిచినది.

ఇట్టి లేపనాలు ఎట్లా పనిచేస్తాయి? వీటిలో సాధారణంగా కర్పూరం, పుదీనాపువ్వు అనే మెంథాల్, నీలగిరి తైలం ఉంటాయి. మెంథాల్ వల్ల ముక్కు తెరచుకొన్నట్లు తోస్తుంది గదా! అయితే 1983లో బ్రిటనులో ఎక్లెస్, జోన్స్ కొలిచి చూస్తే, ముక్కులో గాలికి కలిగే అడ్డు తగ్గలేదు. హాయి మాత్రం కలిగినది. చలిని పసిగట్టే నాడీగ్రాహకాన్నే మెంథాల్ కూడ మేల్కొల్పుతుందని 2002లో తేలినది. ఆ పరిశోధకులు డేవిడ్ జూలియస్, పటపూటియన్‌లకు స్పర్శ, ఉష్ణ గ్రాహకాలపై చేసిన కృషికి 2021లో నోబెల్ బహుమతి లభించినది.

కనుక లేపనం బాధను మరపిస్తుంది, వైరసును చంపదు. సాధారణంగా జలుబు వారం పది రోజులలో దానంతట అదే తగ్గుతుంది. అందాకా విశ్రాంతి, తగినన్ని ద్రవాలు, అవసరమైతే వయసుకు తగిన మోతాదులో పారాసెటమాల్ చాలు. మోతాదు మించితే అది కాలేయాన్ని చెరుపుతుంది. వైరసులపై యాంటీబయాటిక్కులు పనిచేయవు. వైరస్ జ్వరాలలో పిల్లలకు ఆస్పిరిన్ ఇస్తే రేయ్ వ్యాధి అనే ప్రాణాపాయం కలుగవచ్చు. పసిబిడ్డల ముక్కులో కర్పూరపు లేపనాలు రాయరాదు. కర్పూరం కడుపులోకి పోతే ఫిట్లు రావచ్చు. మరిగే నీటి గిన్నెపై పిల్లలచేత ఆవిరి పట్టించటం వల్ల కాలిన గాయాలైన సందర్భాలు అనేకం.

మెడ బిగుసుకొన్నా, తీవ్రజ్వరంతో మగత కలిగినా, భరించరాని తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, కంటి చుట్టూ వాచినా దానిని జలుబు తలనొప్పిగా భావించి లేపనంతో సరిపెట్టరాదు. వెంటనే వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. ఉపాధ్యాయులు తమ విద్యార్థులకు ఈ నాలుగు గుర్తులను తప్పక నేర్పవలసి ఉన్నది.