విక్టోరియా కలువల మూడవ జాతి

దక్షిణ అమెరికా నదీ మైదానాల్లో వరద నీరు నిలిచే మడుగుల్లో పెరిగే విక్టోరియా కలువలు, పళ్ళెం వలె అంచులు పైకి లేచిన తమ మహాపత్రాలతో పందొమ్మిదవ శతాబ్దపు ఐరోపాను అబ్బురపరిచినా, వాటిలో జాతులెన్ని అన్న ప్రశ్న 2022 వరకు తేలలేదు. 1832లో జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు పోయిప్పిగ్ ఈ మొక్కను, మఖానా గింజలనిచ్చే యూరియేల్ ప్రజాతిలో, అంటే దగ్గరి బంధుత్వమున్న జాతుల సముదాయంలో చేర్చగా, 1837లో జాన్ లిండ్లీ దానికోసం ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచి బ్రిటన్ రాణి పేరు పెట్టాడు. 1840లో ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రజ్ఞుడు దోర్బిన్యీ క్రూజియానా అనే రెండవ జాతిని ప్రకటించాడు. ఆ తరువాత లెక్క రెండు దగ్గరే ఆగిపోయింది.

ఈ జాప్యానికి అజాగ్రత్త కన్నా అధ్యయన పద్ధతే ఎక్కువ కారణమని చెప్పాలి. వృక్షశాస్త్రం ప్రధానంగా హెర్బేరియం మీద, అంటే మొక్కలను అదిమి ఎండబెట్టి కాగితాలకు అతికించి భద్రపరిచే భాండాగారం మీద ఆధారపడి ఎదిగింది. రెండు మీటర్లు దాటే ఆకు, అడుగుభాగాన దట్టమైన ముళ్ళు, మొదటి రాత్రి తెల్లగా విచ్చుకుని మరునాటి రాత్రికి గులాబీ రంగుకు మారే పువ్వు ఉన్న మొక్కను ఆ కాగితం మీద సమగ్రంగా నిలపడం దాదాపు అసాధ్యం. అందుకే 1845లో బొలీవియాలో సేకరించిన నమూనా లండన్‌లోని క్యూ హెర్బేరియంలో 177 ఏళ్ళు ఉన్నా, దానిని కొత్త జాతిగా ఎవరూ గుర్తించలేదు. రూపంలో ఇలా పొరుగు జాతులతో కలిసిపోయి, విడిగా గుర్తింపు పొందని వాటిని గుప్త జాతులంటారు.

చిక్కుముడి విడిపోవడానికి సజీవ మొక్కలే తోడ్పడ్డాయి. బొలీవియా తోటలు 2016లో పంపిన గింజలను క్యూ వృక్షోద్యానంలో మొలకెత్తించి, మిగతా రెండు జాతుల సరసనే పెంచినప్పుడు, ఒకే నీటిలో, ఒకే వెలుతురులో పెరిగినా ముళ్ళ అమరికలోనూ గింజల ఆకారంలోనూ తేడాలు చెరగలేదు కాబట్టి, వాటిని పరిసరాల ప్రభావమని కొట్టివేయడానికి వీలులేకపోయింది. తోటమాలి కార్లోస్ మగ్దలేనా ఇది వేరే జాతి కావచ్చని చాలాకాలంగా అనుమానిస్తూ ఉండగా, చిత్రకారిణి లూసీ స్మిత్ ఆ భాగాలను సూక్ష్మంగా గీసి చూపింది. శాస్త్రచరిత్రలో తరచుగా మరుగున పడే ఈ రెండు వృత్తుల వారికి ఇక్కడ దక్కిన గౌరవం న్యాయమైనది. కణాల్లోని వంశవాహక పదార్థమైన డీఎన్‌ఏను పోల్చి చూసినప్పుడు, ఈ బొలీవియా మొక్క క్రూజియానాకు అన్నిటికన్నా దగ్గరిదే అయినా, సుమారు పది లక్షల ఏళ్ళ క్రితమే దాని నుంచి విడిపోయిందని తేలింది. 2022లో విక్టోరియా బొలీవియానా అని పేరు పొందిన ఈ జాతిలో ఆకు మూడు మీటర్ల వరకు విస్తరిస్తుంది గనుక, ప్రపంచంలోని కలువలన్నిటిలో పెద్దది ఇదే. సజీవ మొక్కల్లో ఏ లక్షణాలను చూడాలో తెలిసిన తరువాతే, క్యూలోనూ బొలీవియా జాతీయ హెర్బేరియంలోనూ దశాబ్దాలుగా ఉన్న పాత నమూనాలకు సరైన పేరు దొరికింది.