వాషింగ్టనులో జరుగని విప్లవము

జరిగినదానిని చెప్పుట చరిత్రకారుని పని యనియు, జరుగనిదానిని చెప్పుట కవి పని యనియు సామాన్యముగా తలంతురు. ఈ విభాగము మంచిదే గాని సంపూర్ణము కాదు. రోగి యెట్లు బ్రదికెనో తెలియగోరు వైద్యుడు అతడెట్లు మరణించి యుండెడివాడో కూడ ఎఱిగియుండవలెను. అట్లే యొక రాజ్యము గండము గడచి బయటపడినప్పుడు, ఆ గండ మెంతదూరము వచ్చెనో, ఎచట నాగెనో, ఏల యాగెనో విచారింపనివాడు ఆ రాజ్యచరిత్రమును సగమే చదివినవాడు. ఇట్టి విచారమునకు 1932వ సంవత్సరపు వేసవిలో అమెరికా రాజధాని యగు వాషింగ్టనులో జరిగిన మాజీ సైనికుల ఆందోళనము తగిన యుదాహరణము.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధమున ప్రవేశించినప్పుడు సామాన్య సైనికునకు జీతము దినమునకు సుమారొక డాలరు. ఇంటికడ నిలిచి కర్మాగారములలో పనిచేసినవారు అంతకు మిక్కిలి హెచ్చుగా నార్జించిరి. ప్రాణమొడ్డినవానికి తక్కువయు, ఒడ్డనివానికి ఎక్కువయు ముట్టెనను బాధ యుద్ధానంతరమున బయలుదేఱెను. దానికి పరిహారముగా 1924లో కాంగ్రెసు సభ, అధ్యక్షుడు కూలిడ్జి వీటోను త్రోసిపుచ్చి, యొక చట్టము చేసెను. స్వదేశమున సేవచేసిన దినమునకు ఒక డాలరు, విదేశమున సేవచేసిన దినమునకు డాలరుంబావు చొప్పున లెక్కకట్టి, మొదటివారికి 500, రెండవవారికి 625 డాలరులకు మించకుండ పరిహారము నిర్ణయించిరి. 50 డాలరులలోపు వచ్చువారికి రొక్కమిచ్చిరి. తక్కినవారికి వడ్డీ కలుపుకొని 1945లో చెల్లునట్టి పత్రములు వ్రాసియిచ్చిరి. అనగా ఋణము నొప్పుకొనిరి గాని, దానిని తీర్చు దినమును ఇరువదియేండ్ల యవతలకు నెట్టిరి. గడువు లోపల మరణించినవాని సొమ్ము వారసులకు చేరును. కావుననే జనులు దీనిని సమాధిరాతి బోనసని యెగతాళి చేసిరి.

1929లో అమెరికా వాణిజ్యము కుప్పకూలెను. 1932 నాటికి పనిలేనివారి సంఖ్య సుమారు కోటి యిరువది లక్షలు. ప్రభుత్వము వ్రాసిన వేయి డాలరుల పత్రము పెట్టెలో నుండగా, పొయ్యిలో పిల్లి లేవని యిండ్లు లెక్కకు మించి యుండెను. పత్రముపై సగము వఱకు అప్పు తీసికొనుటకు 1931లో కాంగ్రెసు, అధ్యక్షుడు హూవరు వలదన్నను, అనుమతించెను. తక్కిన సొమ్మును వెంటనే చెల్లింపవలెనని టెక్సాసు ప్రతినిధి రైట్ పాట్మన్ బిల్లు తెచ్చెను. దానికి సుమారు 240 కోట్ల డాలరులు కావలెను. హూవరు కఠినహృదయుడు కాడు. యుద్ధకాలమున బెల్జియము ప్రజలకు అన్నము పెట్టించి కీర్తి గన్నవాడు. ఖజానా చెడిన దేశము బాగుపడదని యాతని నమ్మకము. ఆ నమ్మకమున బలము లేకపోలేదు. ఆతని పిమ్మట వచ్చిన రూజువెల్టును బోనసు విషయమున ఇంచుమించుగా ఆ మాటయే చెప్పెనని పాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను.

1932 మే నెలలో ఆరిగాన్ రాష్ట్రపు పోర్ట్‌లండు నగరమునుండి వాల్టర్ వాటర్సు అను మాజీ సార్జెంటు నాయకత్వమున సుమారు 300మంది సరకురైళ్ల నెక్కి రాజధానికి బయలుదేఱిరి. ఆ వార్త విని నానా రాష్ట్రములనుండియు మాజీ సైనికులు కదలిరి. వేసవి నడుమకు సుమారు ఇరువదివేలమంది చేరిరి. అనేకులు భార్యాబిడ్డలతో వచ్చిరి. అనకాస్టియా నదికి ఆవలి పల్లపునేలలో పాతరేకులును, అట్టలును, చెక్కలును కూర్చి గుడిసెలు వేసికొనిరి. మద్యము, బిచ్చమెత్తుట, ప్రభుత్వమును కూలద్రోయవలెనను బోధనలు అచట నిషిద్ధములు. నాటి అమెరికా సైన్యమున తెల్లవారికిని నల్లవారికిని వేఱువేఱు దళములుండెను. ఈ శిబిరమున మాత్రము ఉభయులును ప్రక్కప్రక్కనే వసించి యొకే పంక్తిని భుజించిరి. నల్లజాతి నాయకుడైన రాయ్ విల్కిన్సు దానిని కన్నులార చూచి పత్రికలో వ్రాసెను. సహపంక్తి భోజనములకై మన దేశమున ఎంత పోరాటము జరిగెనో యెఱిగినవారికి దీని విలువను వేఱుగ చెప్పనక్కఱలేదు. రాజధాని పోలీసు అధిపతి గ్లాస్‌ఫర్డు తానును ఆ యుద్ధమున పోరాడిన సేనాని. ఆయన తన సొంత సొమ్మును సైతము వ్యయించి వీరి భోజనమునకు సాయపడెను.

ప్రతినిధిసభ జూను 15న బిల్లును ఆమోదించెను. 17న సెనేటు దానిని 62 వోట్లకు 18 వోట్లతో నిరాకరించెను. సభాభవనము ముంగిట వేలకొలది సైనికులు తీర్పునకై కాచియుండిరి. వాటర్సు వారికి ఓటమిని తెలిపెను. వారు దేశభక్తి గీతమును పాడి, వరుసలు కట్టి, గుడిసెలకు మరలిపోయిరి. ఆ రాత్రి ఎవరును రాయి విసరలేదు. ఇది మొదటి గండము.

కాంగ్రెసు జూలై 16న సభ ముగించెను. ఇంటికి పోవుటకు దారిఖర్చు లిచ్చెదమనిరి. అదియును బోనసులో తగ్గించుకొను అప్పే. కొన్నివేలమంది వెడలిరి, పోవుటకు ఇల్లులేనివారు నిలిచిరి. హూవరు వారి ప్రతినిధులకు దర్శనమీయలేదు. జూలై 28న ఊరి నడుమ పాతభవనములలో నున్నవారిని ఖాళీచేయించుచుండగా పెనుగులాట పుట్టెను. పోలీసు కాల్పులలో విలియం హుష్క, ఎరిక్ కార్ల్‌సను అను మాజీ సైనికు లిరువురు గాయపడి మరణించిరి. సాయంకాలమున సేనాధిపతి మెకార్థరు గుఱ్ఱపుదళముతోను, బాయినెట్లు తొడిగిన పదాతులతోను, టాంకులతోను రాజవీథిలో ప్రవేశించెను. అశ్వదళమున ముందునడచిన ప్యాటను ప్రాణములను 1918లో యుద్ధరంగమున కాపాడిన జో ఆంజెలో అను సైనికుడు ఈ బోనసు సైనికులలో నొకడు. బాష్పవాయువుచే స్త్రీలును పిల్లలును కన్నులు కానక పరుగిడిరి. నది దాటవలదని అధ్యక్షుడు వర్తమానము పంపెను. అయినను సేన దాటెను. ఆ రాత్రి శిబిరము తగులబడెను. ఇది రెండవ గండము.

ఇక జరుగని చరిత్రమును ఊహింతము. యుద్ధమున ఆఱితేఱిన యా వేలమందిలో కొన్నివందలమంది తుపాకులతో వచ్చియుండిరనుకొందము. వీథిలో నొక గుండు సైనికుని తాకినచో ప్రతిగా పది గుండ్లు ప్రేలియుండెడివి. పదులకొలది శవములు పడినపుడు, ఒకే యుద్ధమున పోరాడినవారిపై కాల్చుటకు కొన్ని దళములు నిరాకరించి యుండవచ్చును. ఆ వార్త పనిలేని కోటి యిరువది లక్షలమందికి చేరియుండెడిది. అప్పుడు నగరములలో సైనికశాసనమును, శరత్కాలపు ఎన్నికల వాయిదాయును వచ్చుట అసంభవము కాదు. ఇది స్వప్నము కాదనుటకు ఇతర దేశములే సాక్ష్యము. ఇటలీలో 1919లో మిలాను నగరమున ముస్సోలినీ స్థాపించిన దళమున మాజీ సైనికు లనేకులు. మూడేండ్లకు, 1922 అక్టోబరులో, వారు రోముపై నడచిరి. రాజు సైనికశాసనముపై సంతకము చేయక అధికారమును వారి నాయకునికే యప్పగించెను. పారిసులో 1934 ఫిబ్రవరి 6న మాజీ సైనికుల సంఘములును ఇతర దళములును వీథుల కెక్కగా, పలువురు మరణించిరి; మఱునాడు ప్రధాని దలాదియే పదవిని విడిచెను. అమెరికాలో వాటర్సు సయితము ఆ వేసవిలో ఖాకీ చొక్కాల దళము నొకదానిని నెలకొల్ప తలపెట్టెను గాని యది నిలువలేదు.

ఇట్టి విప్లవము నడచియుండినచో దాని ఫలము ఎవరికి దక్కియుండెడిది? ఆకలిగొన్న సైనికునికి దక్కియుండెడిది కాదని నా యభిప్రాయము. శిబిరమునకు వచ్చి సైనికులకు ధైర్యము చెప్పిన స్మెడ్లీ బట్లరు అను విశ్రాంత సేనాని 1934లో కాంగ్రెసు విచారణసంఘము నెదుట నొక సాక్ష్యమిచ్చెను. కొందఱు ధనికుల తరఫున తన్ను సమీపించి, ఐదులక్షల మాజీ సైనికులకు నాయకుడవై రాజధానిపై నడువుమని ప్రేరేపించిరని యాయన చెప్పెను. ఎవరిపైనను అభియోగము నడువలేదు. ఆ ప్రయత్న మెంత ముదిరెనను విషయమున నేటికిని వాదములున్నవి. కాని పేదసైనికుని కోపము బలవంతుల చేతిలో సాధనము కాగలదను సంగతి మాత్రము దానివలన స్పష్టము. ఇటలీలో జరిగినదియు నదియే.

మఱి అమెరికాలో నేల జరుగలేదు? కౌటిల్యుడు అర్థశాస్త్రమున సేనకు గలుగు వ్యసనములను లెక్కించుచు, మన్నన పొందని సేన వేఱు, అవమానింపబడిన సేన వేఱని విభజించెను. మొదటిదానిని ధనముచే గౌరవించినచో మరల పోరాడును. రెండవదాని కోపము లోలోపల రగులుచుండును గాన దానిని నమ్మరాదని యాతని తాత్పర్యము. 1924 మొదలు 1932 వఱకు అమెరికా మాజీ సైనికులు మన్నన పొందనివారు. జూలై 28 సాయంకాలమున వారు అవమానితులైరి. శాస్త్రము ననుసరించి అంతఃకోపము రగులవలసియుండెను. రగిలినది కూడ. కాని దానికి పోవుటకు దారి యొకటి తెఱచియుండెను: ఇంక మూడు నెలల కొంచెము పైబడి యెన్నికలుండెను. వీథిలో కలిగిన యవమానమునకు దేశము వోటుపెట్టెలో బదులు చెప్పెను. ఆర్థికమాంద్యము హూవరు నప్పటికే కూలద్రోయుచుండెను గాని, మంటలలో శిబిరము కాలుచున్న చిత్రము లాతని కీర్తిని తుదముట్టించెను.

1933 మేలో మాజీ సైనికులు మరల రాజధానికి వచ్చిరి. క్రొత్త అధ్యక్షుడు రూజువెల్టు బోనసు నీయ నొప్పుకొనలేదు. కాని వారికి గుడారములును, భోజనమును, వైద్యమును ఏర్పఱచెను. ఆతని భార్య ఎలియనోరు శిబిరమునకు బోయి, బురదలో నడచి, వారితో మాటలాడెను. వారికి అడవుల పనులలో ఉద్యోగములు చూపిరి. నిరాకరణ మొక్కటే, అవమానము మాత్రము లేదు. ఈ భేదమే మూడవ గండమును రాకుండ చేసెను. అయినను రూజువెల్టు ప్రభుత్వమును నిర్దోషి యనరాదు. ఫ్లోరిడా దీవులకు రోడ్డుపనికి పంపబడిన మాజీ సైనికులలో 250మందికి మించి 1935 సెప్టెంబరు తుపానులో మరణించిరి. వారిని తప్పింపవలసిన రైలు సకాలమునకు చేరలేదు. 1936 జనవరిలో కాంగ్రెసు, రూజువెల్టు వీటోను త్రోసి, బోనసును వెంటనే చెల్లించు చట్టము చేసెను. ఇయ్యలేమన్న ధనమును ఇచ్చిన పిదప ఖజానా కూలలేదు. 1944లో రెండవ యుద్ధము ముగియకమునుపే, తిరిగి వచ్చు సైనికులకు చదువు, ఇంటియప్పు, నిరుద్యోగభృతి ఏర్పఱచుచు చట్టము వచ్చెను. 1932 నాటి జ్ఞాపకము ఆ చట్టమునకు గల కారణములలో నొకటి. అందును నల్లజాతి సైనికులకు అనేకస్థలములలో వాటా సరిగా దక్కకుండుట, ఒకే పంక్తిని భుజించిన యా శిబిరము నేర్పిన పాఠమును దేశము పూర్తిగా నేర్చుకొనలేదనుటకు నిదర్శనము.

పోలీసు కాల్పులలో మరణించిన హుష్కను, కార్ల్‌సనును ఆర్లింగ్టను జాతీయ శ్మశానమున సైనిక మర్యాదలతో పాతిపెట్టిరి. బ్రదికియుండగా నీయని మన్ననను చచ్చినపిదప నిచ్చుట ప్రభుత్వములకు సులభము. అది యొక్క ప్రభుత్వములకే కాదు. ఇంట పనిచేసి ముదిసిన సేవకునికి, చిన్ననాటినుండి పొలమున చెమటోడ్చిన పాలికాపునకు, పుట్టింట ఇచ్చెదమన్న భూమి నేటికిని వ్రాయబడని యాడబిడ్డకు మనమును ఇట్టి పత్రములే వ్రాసియిచ్చుచున్నాము: ఋణమున్నది, గడువు రాలేదు. వారు వీథి కెక్కకుండుటను మన న్యాయమునకు గుర్తుగా నెంచరాదు. అది వారి యోర్పు. ఇవ్వలేని దినమున నిజము చెప్పి, ఎదుటివానిని కూర్చుండబెట్టి మాటలాడిన గృహస్థునకు అప్పుదీర్ప వ్యవధి దొరకును. తలుపు మూసి కావలివానిని పంపినవానికి దొరకదు. వాషింగ్టను ఆ తప్పు చేసియు, ఓర్పుగల ప్రజలవలనను, సమీపించిన యెన్నికలవలనను బ్రదికెను. అట్టి యదృష్టము ప్రతి రాజ్యమునకును, ప్రతి యింటికిని కలుగునని నమ్మియుండుట వివేకము కాదు.