పాత డెస్క్‌టాప్‌తోనే 4కె ఎడిటింగ్: ముందు ఏ భాగం మార్చాలి, దేనికి డబ్బు పెట్టకూడదు?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఈ ఊరిని జంక్షన్‌గా మార్చిన రోజుల నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు ఇక్కడికి వస్తూనే ఉన్నాయి. 2003లో సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే జోన్ ప్రధాన కార్యాలయం ఇక్కడే పని మొదలుపెట్టింది. ఆ కుటుంబాల్లో ఇప్పటి తరం అంతా రైల్వే ఉద్యోగాల్లోనే లేదు. పెళ్లి వీడియోలు, ఫ్లెక్సీ డిజైన్లు, ఛత్తీస్‌గఢీ యూట్యూబ్ పాటల ఎడిటింగ్, భక్తి పాటల రికార్డింగ్ లాంటివి క్వార్టర్లో ఒక గదిలో, ఒకే డెస్క్‌టాప్ మీద సాగే పనులు.

ఆ డెస్క్‌టాప్‌కి ఏడెనిమిదేళ్లు నిండేసరికి చిక్కు మొదలవుతుంది. కెమెరా 4కె అయింది, కస్టమర్ డ్రోన్ షాట్లు అడుగుతున్నాడు, టైమ్‌లైన్ మాత్రం ఆగి ఆగి కదులుతుంది. షాపుకి వెళితే ‘పూరా సిస్టం బదల్‌నా పడేగా భయ్యా’ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. కొన్నిసార్లు అది నిజమే. చాలాసార్లు కాదు. ఒక్క భాగం మార్చితే చాలే చోట మొత్తం యంత్రం కొంటే, చిన్న స్టూడియోకి ఆ సీజన్ లాభం అక్కడే పోతుంది.

కొనే ముందు కొలవాలి

మీ సిస్టంలో ఏది అడ్డుపడుతోందో విండోస్‌లోని టాస్క్ మేనేజరే చెబుతుంది. మామూలుగా చేసే ప్రాజెక్టే తెరిచి, టైమ్‌లైన్ నడిపిస్తూ ‘పెర్ఫార్మెన్స్’ ట్యాబ్ చూడండి. తర్వాత ఎక్స్‌పోర్ట్ పెట్టి మళ్లీ చూడండి. ఈ రెండూ వేర్వేరు పరీక్షలు.

మెమరీ 90 శాతం దాటి, దాంతోపాటు డిస్క్ కూడా 100 దగ్గర ఆగిపోతే ర్యామ్ చాలడం లేదని అర్థం. ర్యామ్ నిండితే విండోస్ డిస్క్‌ను తాత్కాలిక మెమరీగా వాడుకుంటుంది, అందుకే రెండూ కలిసి పెరుగుతాయి. మెమరీ ఖాళీగా ఉండి డిస్క్ ఒక్కటే 100 చూపిస్తే తప్పు స్టోరేజీది. ప్రాసెసర్ 100లో ఉండి గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చుంటే, చాలాసార్లు కారణం మీ ఫుటేజీ కోడెక్. గ్రాఫిక్స్ విషయంలో ‘3డీ’ గ్రాఫ్ ఒక్కటే చూసి ఆగకండి. ‘వీడియో డీకోడ్’ గ్రాఫ్ విడిగా ఉంటుంది, ఎడిటర్‌కి అది ముఖ్యం.

అసలు చిక్కు కోడెక్‌లో ఉంది

ఇది అర్థమైతే సగం డబ్బు మిగులుతుంది. ఫోన్లు, డ్రోన్లు, కొత్త కెమెరాలు ఎక్కువగా రికార్డ్ చేసే హెచ్.264, హెచ్.265 ఫైళ్లలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అక్కడక్కడ ఒక పూర్తి ఫ్రేమ్ ఉంటుంది, మధ్యలో ఉన్నవన్నీ ‘ముందు ఫ్రేమ్‌కీ దీనికీ తేడా ఇది’ అని రాసుకున్న లెక్కలే. వీడియో నేరుగా చూస్తుంటే ఇబ్బంది లేదు. ఎడిటింగ్‌లో వెనక్కి లాగినా, మధ్యలో ఒక చోట కట్ చేసినా, కంప్యూటర్ దగ్గర్లో ఉన్న పూర్తి ఫ్రేమ్ దాకా వెళ్లి అక్కడి నుంచి లెక్కంతా మళ్లీ వేయాలి. ఫైలు చిన్నది, పని పెద్దది.

దీనికి పైసా ఖర్చు లేని మందు ప్రాక్సీలు. ప్రీమియర్ ప్రోలో, డావిన్చీ రిజాల్వ్‌లో ఈ సదుపాయం ఉంది. అసలు ఫుటేజీకి తక్కువ రిజల్యూషన్‌లో, ఎడిటింగ్‌కి అనువైన కోడెక్‌లో నకలు తయారవుతుంది. కటింగ్ అంతా దాని మీద చేసి, చివర్లో ఎక్స్‌పోర్ట్ మాత్రం అసలు ఫైళ్ల నుంచి తీయొచ్చు. రాత్రి ప్రాక్సీలు పెట్టి పడుకుంటే పొద్దున్నకి సిద్ధం. పాత ఐ5 మీద కూడా 4కె పెళ్లి వీడియో ఈ దారిలో పూర్తవుతుంది. ఎడిటింగ్ గురించి అడిగిన ప్రతివారికీ గ్రాఫిక్స్ కార్డు పేర్లే చెప్పే యూట్యూబర్లు దీని గురించి ఎందుకంత తక్కువ మాట్లాడతారో ఊహించడం కష్టం కాదు.

ప్రాక్సీలకి ఓపిక లేదనుకుంటే, హార్డ్‌వేర్ డీకోడింగ్ చూసి కొనాలి. సోనీ ఏ7 4 లాంటి కెమెరాలు 10-బిట్ 4:2:2 రంగుతో హెచ్.265 రికార్డ్ చేయగలవు. ఈ రకం ఫైళ్లను ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ డీకోడ్ చేస్తుంది. ఎన్‌విడియాలో ఆ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే వచ్చింది. అంటే ఖరీదైన పాత ఆర్‌టీఎక్స్ కార్డు చేయలేని పనిని మధ్య స్థాయి ఇంటెల్ ప్రాసెసర్ చేస్తుందన్నమాట. ఇక్కడ ఒక అక్షరం దగ్గర జాగ్రత్త: పేరు చివర ‘ఎఫ్’ ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో (ఉదాహరణకి ఐ5-12400ఎఫ్) ఆ గ్రాఫిక్స్ ఉండదు. కాస్త చవక అని ఎడిటర్ దాన్ని కొంటే నష్టమే. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో హార్డ్‌వేర్ డీకోడింగ్‌కి పరిమితులున్నాయి, అదీ ముందే చూసుకోవాలి.

మొదట ఎస్ఎస్‌డీ, తర్వాత ర్యామ్

హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుస్తున్న యంత్రానికి మొదటి ఖర్చు ఎస్ఎస్‌డీయే, ఇందులో వాదన లేదు. హార్డ్ డిస్క్ వేగం సెకనుకు సుమారు 150 ఎంబీ. సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా, మూడో తరం పీసీఐఈ మీద నడిచే ఎన్‌వీఎంఈ 3,500 దాకా ఇస్తాయి. అయితే సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారితే ఎడిటింగ్‌లో కనిపించే తేడా, హార్డ్ డిస్క్ నుంచి సాటాకి మారినప్పుడు కనిపించినంత ఉండదు. బోర్డులో ఎం.2 స్లాట్ ఉన్నా అది ఎన్‌వీఎంఈదా, సాటాదా అన్నది మాన్యువల్‌లో చూడాలి. కొన్ని బోర్డుల్లో ఎం.2 వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి, కొత్త ఎస్ఎస్‌డీ పెట్టగానే పాత డిస్క్ ‘పోయింది’ అని కంగారు పడేది ఇందుకే.

బాగా చవక ఎస్ఎస్‌డీల్లో ఇంకో మెలిక ఉంది. డబ్బా మీద రాసిన వేగం మొదటి కొన్ని జీబీల వరకే. లోపలి కాష్ నిండాక క్యూఎల్‌సీ రకం డ్రైవులు కొన్ని హార్డ్ డిస్క్ కన్నా నెమ్మదిస్తాయి. ఒకేసారి 200 జీబీ పెళ్లి ఫుటేజీ కాపీ చేసేవారికి ఇది రోజూ తగిలే దెబ్బ. టీఎల్‌సీ రకం అడిగి తీసుకోండి. పూర్తయిన పనులు దాచడానికి పెద్ద హార్డ్ డిస్కే ఇప్పటికీ చవక, అది ఒకటి కాదు రెండు ఉండాలి.

ర్యామ్ సంగతికొస్తే, ఫోటో పనికి, ఫుల్ హెచ్‌డీ వీడియోకి 16 జీబీ, 4కెకి 32 జీబీ. ఒకే స్టిక్ బదులు సమానమైన రెండు స్టిక్‌లు పెడితే డ్యూయల్ చానెల్‌లో నడుస్తాయి. డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టవు, గాటు చోటే వేరు. ధరల విషయంలో కాలం బాగాలేదు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా పెరిగాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో మైక్రాన్ సంస్థ మామూలు కొనుగోలుదారులకి అమ్మే ‘క్రూషియల్’ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. కాబట్టి డీడీఆర్4 బోర్డు ఉన్నవారు డీడీఆర్5కి మారాలనే సరదాని వాయిదా వేసుకోవడమే మేలు. ఉన్న స్టిక్‌లు పనికొచ్చేలా ప్లాన్ చేసుకోండి.

గ్రాఫిక్స్ కార్డు ఎవరికి అవసరం?

డావిన్చీలో కలర్ గ్రేడింగ్ చేసేవారికి, బ్లెండర్‌లో 3డీ చేసేవారికి, లైట్‌రూమ్‌లో ఏఐ డినాయిజ్ వాడే ఫోటోగ్రాఫర్లకి ఇది అవసరం. వీరు కార్డు మోడల్ కన్నా ముందు వీడియో మెమరీ చూడాలి. 4కెకి 8 జీబీ కనీసం అనుకోవాలి. ఆర్‌టీఎక్స్ 3060లో 12 జీబీ వెర్షన్‌కి సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లో ఇప్పటికీ పేరుందంటే కారణం అదే. ఫ్లెక్సీ డిజైన్, ఆల్బమ్ పని చేసేవారికి మాత్రం కార్డు మీద పెట్టే డబ్బు మంచి ఐపీఎస్ మానిటర్ మీద పెడితే సార్థకం. ఎస్ఆర్‌జీబీ రంగులు దాదాపు 100 శాతం చూపించని తెర మీద పెళ్లికూతురి చీర రంగు ఒకటైతే, ప్రింటులో వచ్చేది ఇంకొకటి.

పాటలు రికార్డ్ చేసేవారికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు. వారికి ఒక్కో కోర్ వేగం బాగున్న ప్రాసెసర్, శాంపిల్ లైబ్రరీలకి సరిపడా ర్యామ్, మంచి ఏఎస్ఐఓ డ్రైవర్ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వినిపించే సమస్య చాలావరకు ఆ డ్రైవర్‌తోనే తీరుతుంది. ఫోటోషాప్‌లో తెలుగు ఒత్తులు విడివిడిగా పడే సమస్య కూడా హార్డ్‌వేర్‌ది కాదు. పాత వెర్షన్లలో టెక్స్ట్ ఇంజిన్ సెట్టింగ్‌లో దక్షిణాసియా భాషల ఎంపిక పెట్టి, యూనికోడ్ ఫాంట్ వాడితే సరిపోతుంది.

బ్రాండెడ్ ఆఫీసు కంప్యూటర్‌ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవారికి ప్రత్యేకంగా ఒక మాట. వాటి చిన్న క్యాబినెట్లలో మామూలు కార్డు పట్టదు, పవర్ సప్లై కూడా ఆ కంపెనీకే ప్రత్యేకమైన ఆకారంలో ఉంటుంది. మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది 75 వాట్లే. విడిగా కరెంటు వైరు అడగని ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ (70 వాట్లు) లాంటి కార్డు, అదీ పొట్టి ఆకారంలో దొరికేది, వీటికి దాదాపు చివరి హద్దు.

ఎండ, దుమ్ము, కరెంటు

మే నెలలో బిలాస్‌పూర్‌లో 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. దగ్గర్లోని సీపత్‌లో 2,980 మెగావాట్ల ఎన్‌టీపీసీ విద్యుత్ కేంద్రం ఉంది. అయినా గాలివానకి ఇంట్లో కరెంటు పోక మానదు. కాబట్టి పవర్ సప్లై ఎంపిక చివరి సంగతి కాదు. క్యాబినెట్‌తో ‘ఉచితంగా’ వచ్చే ‘450 వాట్ల’ డబ్బాని నమ్మి ఆర్‌టీఎక్స్ 3060 తగిలించకండి. ఆ కార్డే 170 వాట్లు తాగుతుంది, ఎన్‌విడియా దానికి సూచించేది 550 వాట్ల సప్లై. 80 ప్లస్ గుర్తు ఉన్నది, పేరున్న కంపెనీది తీసుకోండి. ఆ గుర్తు చెప్పేది సామర్థ్యం గురించే, మన్నిక గురించి కాదు. అందుకే వారంటీ ఐదేళ్లున్నదానికి మొగ్గు చూపాలి.

యూపీఎస్‌లోనూ లెక్క తప్పుతుంటారు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు ఎక్స్‌పోర్ట్‌లో నిండుగా పనిచేస్తున్నప్పుడు కరెంటు పోతే, మానిటర్‌తో కలిపి ఆ లోడు మోయలేక అది కూడా ఆగిపోవచ్చు. కార్డు పెట్టేటప్పుడే యూపీఎస్ బడ్జెట్ కూడా కలపాలి. ముందు వైపు జాలీ, దుమ్ము ఫిల్టర్, ఒక ఎక్స్‌ట్రా ఫ్యాన్ ఉన్న క్యాబినెట్, అద్దం మూతలున్న రంగురంగుల లైట్ల క్యాబినెట్ కన్నా ఇక్కడ నయం.

ఎప్పుడు మొత్తం మార్చాలి?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, రైజెన్ 2000 సిరీస్ నుంచే, టీపీఎం 2.0తో నడుస్తుంది. మీ దగ్గరున్నది 6వ, 7వ తరం ఐ5 అయితే కొత్త ఎస్ఎస్‌డీ మాత్రం కొనండి, ఎలాగూ రేపటి యంత్రానికీ పనికొస్తుంది. డీడీఆర్4 ర్యామ్ కూడా కొన్ని ఏఎం4, ఎల్‌జీఏ1700 బోర్డులకి వెళ్తుంది. దాని ప్రాసెసర్ మార్చి బతికించే ప్రయత్నం మాత్రం వద్దు. 6, 7 తరాల బోర్డుల్లో సాకెట్ పేరు 8, 9 తరాలకి ఉన్నదే (ఎల్‌జీఏ1151), అయినా అవి అధికారికంగా పనిచేయవు. హెచ్61 బోర్డులు మార్కెట్లో ఇప్పటికీ ‘కొత్తవి’గా దొరుకుతున్నాయి. డీడీఆర్3 16 జీబీ దగ్గర ఆగిపోయే, సాటా వేగం సగమే ఇచ్చే ఆ చిప్‌సెట్ మీద ఇక రూపాయి కూడా పెట్టొద్దు.

ఏఎం4 బోర్డు ఉన్నవారు అదృష్టవంతులు. బయాస్ అప్‌డేట్ చేసుకుంటే చాలా పాత బోర్డుల మీద కూడా రైజెన్ 5000 సిరీస్ కూర్చుంటుంది, ర్యామ్, క్యాబినెట్ ఏదీ మార్చకుండా. బయాస్‌ని పాత ప్రాసెసర్ ఉండగానే అప్‌డేట్ చేయాలి. వాడిన ఇంటెల్ 13, 14 తరాల ఐ7, ఐ9 కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త: వోల్టేజీ లోపంతో అవి పాడవుతున్నట్టు తేలాక ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ సవరణ బాగుచేయదు.

బుధవారీ బజార్ దగ్గర కొన్నా, వ్యాపార్ విహార్‌లో కొన్నా, ఆన్‌లైన్లో తెప్పించినా సీరియల్ నంబర్ రాసిన జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. ఆ బ్రాండ్ సర్వీస్ ఊళ్లోనే దొరుకుతుందా, రాయ్‌పూర్ పంపాలా అని ముందే అడగండి. సీజన్ మధ్యలో పదిహేను రోజులు కార్డు లేకుండా కూర్చోవడం వారంటీ కాగితంలో కనిపించని ఖర్చు. పాత హార్డ్ డిస్క్‌ని ఎక్స్చేంజ్‌లో ఇచ్చేసే ముందు ‘క్విక్ ఫార్మాట్’ కాకుండా పూర్తి ఫార్మాట్ చేయండి. అందులో ఉన్నవి మీ ఫైళ్లు మాత్రమే కాదు, పదేళ్లుగా మిమ్మల్ని నమ్మి పిలిచిన కుటుంబాల పెళ్లిళ్లు.